మిగతా మూడూ ఎందుకు కావు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే నా మొహం నాకే ఎదురొచ్చింది. రోడ్డవతల ఒకప్పుడు నేను చదివిన కోచింగ్ సెంటర్ ఉన్న బిల్డింగ్‌కి మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తు దాకా వేలాడుతున్న ఫ్లెక్సీ. దాని మీద ఎక్కడ సంపాదించారో నా పాత ఫోటో. తల వెనక రాకెట్, భుజం పక్కన వలయంతో సహా శనిగ్రహం. నేను జన్మలో శనిగ్రహం జోలికి పోలేదు, రాకెట్‌తో నాకు పని పడలేదు. కుడి మూలన నల్లటి చదరంలో ఒక తెల్ల మచ్చ, దాని చుట్టూ ఎర్ర సున్నా. అది మాత్రం నాదే. కింద పసుపు అక్షరాల్లో ‘విశ్వంలో అతి దూరపు గెలాక్సీలో గ్యాస్‌ను కనుగొన్న మన విద్యార్థిని’ అని రాసి ఉంది.

మా వైపు ఫ్లెక్సీకి ఎక్కనివాడు మనిషే కాదు. ర్యాంకు కొట్టినవాడు, కార్పొరేటర్ టికెట్ ఆశిస్తున్నవాడు, బాలాపూర్ లడ్డు వేలంలో పాడుకున్నవాడు, పుట్టినరోజు చేసుకుంటున్న గల్లీ లీడరు, కాలం చేసిన పెద్దమనిషి, అందరికీ అదే పసుపు, అదే ఎరుపు, వెనక అవే సూర్యకిరణాలు. వాటిని చూసి ఇరవై ఏళ్లుగా పెదవి విరుస్తూ తిరిగినదాన్ని. ఆ రోజు ఫ్లెక్సీ కింద పల్లీలు కొనుక్కుంటున్న ఇద్దరు హాస్టల్ పిల్లలు పైకి చూసి, నన్ను చూసి, గుర్తుపట్టక వెళ్లిపోయారు. బతికిపోయాననుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం నొచ్చుకున్నాను కూడా.

నేను చేసే పని రేడియో టెలిస్కోపులతో మొట్టమొదటి గెలాక్సీలను చూడటం. చూడటమంటే కంటితో కాదు. సముద్రాల అవతల ఒక ఎత్తైన ఎడారిలో తెల్లటి డిష్‌లు బారులు తీరి ఉంటాయి. నేను అక్కడికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆకాశంలో ఫలానా చోటు చూసిపెట్టండి అని అర్జీ పెట్టుకుంటాం. చాలామందికి కాదంటారు, కొందరికి సరేనంటారు. సరేనంటే వాళ్లే చూసి డేటా పంపిస్తారు. దాన్ని ఎల్బీనగర్‌లో మా అక్క ఇంట్లో, బీరువాకీ కిటికీకీ మధ్య ఇరికించిన టేబుల్ మీద పెట్టుకుని నెలల తరబడి వడపోస్తాను. ఆఫీసు ఊరికి ఆ చివర ఉంది. వారానికి రెండు రోజులు వెళ్లి మొహం చూపించి వస్తే చాలు.

అంత దూరం నుంచి వెలుగు మన దాకా వచ్చేసరికి విశ్వం వయసులో చాలా భాగం గడిచిపోతుంది. కాబట్టి అక్కడ మనకు కనిపించేది విశ్వం పసితనం. ఆ పసితనంలో గెలాక్సీల్లో గ్యాస్ ఎంత ఉంది, ధూళి ఎంత ఉంది అన్నదే మా ప్రశ్న. ధూళి కనపడిందంటే అంతకు ముందే అక్కడ కొన్ని నక్షత్రాలు పుట్టి, మండి, చచ్చాయని అర్థం. ఆ ధూళి వాటి బూడిదే మరి. ఇదంతా అక్కకు ఒకసారి విడమర్చి చెప్పాను. అక్క ముందు గదిలో రెండు మిషన్లు వేసుకుని బ్లౌజులు కుడుతుంది. మా ఇల్లు సాగర్ రోడ్డుకు దగ్గర. తుర్కయంజాల్ వైపు పోయే లారీలు లేపే దుమ్మంతా మా కిటికీ ఊచలకే చేరుతుంది. అక్క నేను చెప్పిందంతా విని, ఊచలు తుడుస్తూ, దుమ్ము చూసుడే నౌకరైతే మనింట్లనే మస్తుగున్నది, గంత దూరం పోవుడెందుకు అంది. విశ్వశాస్త్రం మీద నేను విన్న వ్యాఖ్యల్లో ఇది మరీ అధ్వానమైనదేమీ కాదు. సెమినార్లలో ఇంతకంటే చెత్త విన్నాను.

నా పరిస్థితి కూడా చెప్పాలి. డాక్టరేట్ అయ్యాక అన్నీ గడువు ఉద్యోగాలే చేశాను. గడువు ముగిసినప్పుడల్లా కొత్త కాగితం, కొత్త సంతకం, కొత్త గుర్తింపు కార్డు. ఆ ఏడాది ఊళ్లోనే ఒక సంస్థలో పర్మనెంటు పోస్టు పడింది. వయసు పరిమితి ప్రకారం నాకదే ఆఖరిది. అది తప్పితే ఈ పనికీ నాకూ రుణం తీరినట్టే. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పిలుపు రావడానికి కారణం ఫ్లెక్సీ మీది ఆ తెల్ల మచ్చ. అది లేకపోతే నేను డేటా శుభ్రంగా వడపోసే మనిషిని, అంతే. అలాంటివాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్ల పేర్లు పరిశోధన వ్యాసాల మీద మధ్యలో ఎక్కడో ఉంటాయి, ఎవరూ చదవరు.

ఆ మచ్చ ఎలా దొరికిందో చెబుతాను. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోప్ ఒకటి తీసిన ఫోటోలో ఎర్రటి మరకలాంటి గెలాక్సీ ఒకటి పడింది. రంగును బట్టి అది చాలా చాలా దూరంలో ఉండాలి. కానీ రంగులు మోసం చేస్తాయి. గట్టిగా చెప్పాలంటే అందులోని గ్యాస్‌ను పట్టుకోవాలి. వేడి గ్యాస్‌లో ఉండే ఆక్సిజన్ ఫలానా ఫ్రీక్వెన్సీ దగ్గరే వెలుగుతుందని ముందే తెలుసు. విశ్వం సాగుతున్న కొద్దీ ఆ ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. ఎంత జారిందో తెలిస్తే ఎంత దూరమో తెలుస్తుంది. మాకు వచ్చే డేటా వందల ఫోటోల దొంతర. ఒక్కో ఫోటో ఒక్కో ఫ్రీక్వెన్సీది. ఏదో ఒకచోట ఆ గెలాక్సీ వెలగాలి. ఎక్కడన్నది వెతుక్కోవడమే మా ఉద్యోగం.

ఏ ఫోటో చూసినా బండ మీద ఉప్మారవ్వ ఒలికినట్టు గరుకే. అంత దూరపు వెలుగు ఒక్క ఫోటోలో ఆనదు. పక్కపక్కనున్న కొన్ని ఫోటోలు కలిపి చూడాలి. ఎన్ని కలపాలో ఎవరికీ తెలియదు. ఐదు కలిపాను, ఏమీ లేదు. ఏడు కలిపాను, లేదు. పది, పన్నెండు. మొదలుపెట్టే చోటు మార్చాను. దూరపు డిష్‌ల మాటకు విలువ తగ్గించి దగ్గరి డిష్‌ల మాటకు పెంచాను, మళ్లీ తారుమారు చేశాను. మూడో వారానికి ఒక కలయికలో మచ్చ తేలింది. గెలాక్సీ మీద కాదు, కాస్త పక్కన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నారు కదా. కొత్త నక్షత్రాల ధాటికి గ్యాస్ అలా పక్కకు నెట్టుకుపోయి ఉంటుందని ఒక పేరా సిద్ధాంతం రాసిపారేశాను. ధూళి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. దానికీ సమాధానం రాశాను, అక్కడి నక్షత్రాలు ఇంకా చచ్చే వయసుకు రాలేదని.

ఇలాంటి మచ్చలను నమ్మే ముందు మా పనిలో ఒక ఆచారం ఉంది. దొంతర మొత్తాన్ని తిరగేస్తాం. తెలుపున్నచోట నలుపు, నలుపున్నచోట తెలుపు అయ్యేలా లెక్క మారుస్తాం. నిజమైన గెలాక్సీ వెలుగు ఇస్తుంది, అంటే దాని మచ్చ ఎప్పుడూ తెల్లదే. ఉత్త గరుకుకు ఆ పట్టింపు లేదు. అది ఎన్ని తెల్ల మచ్చలు పెడుతుందో దాదాపు అన్నే నల్ల మచ్చలూ పెడుతుంది. అందుకని తిరగేసిన ఆకాశంలో కూడా అదే పద్ధతిలో వెతికి చూడాలి. అక్కడ కూడా మన మచ్చలాంటివి దొరికితే మన మచ్చ ఉత్తదే. నేనూ తిరగేశాను. మచ్చ వచ్చిన ఆ కలయికను తిరగేసి, ఆ చుట్టుపక్కల వెతికాను. ఏమీ లేదు. పరీక్షలో నెగ్గామని వ్యాసంలో ఒక వాక్యం రాసుకున్నాను.

విదేశంలో ఉండే మా ప్రొఫెసర్ పొంగిపోయాడు. వ్యాసాన్ని పత్రికకు పంపిన రోజే అందరూ చదువుకునేలా నెట్‌లో పెట్టించాడు. మా ఆఫీసువాళ్లు ప్రకటన ఇచ్చారు. ఒక దినపత్రిక జిల్లా పేజీలో, బర్రెల సంతకూ బస్సు ప్రమాదానికీ మధ్య, నా వార్త వచ్చింది. దాన్ని కత్తిరించి దాచుకున్నది మా కోచింగ్ సెంటర్ లెక్కల సారు.

ఈ సారు గురించి ఇరవై ఏళ్లుగా నేనొక కథ చెబుతూ వచ్చాను. ఎక్కడికెళ్లినా చెప్పేదాన్ని, చేతిలో కాఫీ కప్పుతో, ఇంగ్లీషులో. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల దుకాణం పైన సెంటర్ పెట్టిన ఒక మాస్టారు ఉండేవాడనీ, ఆయన మాకు లెక్క చేయడం కాదు, చేయకుండా జవాబు పట్టుకోవడం నేర్పాడనీ. నాలుగు ఆప్షన్లలో ఒక్కోదాన్నీ తీసి ప్రశ్నలో పెట్టి చూడటం, సరిపోయిన దగ్గర టిక్కు పెట్టడం. మొదటి నుంచి చేసుకుంటూ వచ్చేవాడు వెర్రివాడు, చివరి నుంచి వెనక్కి వచ్చేవాడు ర్యాంకరు అనేవాడనీ. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆ కిటుకుతోనే మంచి కాలేజీలో సీటు తెచ్చుకున్న సంగతి మాత్రం కథలో చెప్పేదాన్ని కాదు.

అలాంటి సారు సన్మానం చేస్తానని ఫోన్ చేస్తే ఎందుకెళ్లానంటే, పొగిడితే ఎవరికైనా కులుకు పుడుతుంది, మనం అసహ్యించుకునేవాళ్లు పొగిడితే ఇంకా ఎక్కువ పుడుతుంది. ఇంటర్వ్యూకి సరిగ్గా పది రోజులుంది. మెట్లెక్కితే అదే వాసన, తడి సాక్సులదీ మార్కర్ సిరాదీ. హాల్లో రెండొందల మంది పిల్లలు, చెమట, పైన నాలుగు ఫ్యాన్లు. శాలువా కప్పారు. పూలబొకే ఇచ్చారు. ఐదు నిమిషాల్లో మీ ఆవిష్కరణ గురించి చెప్పమన్నారు. గ్యాస్ గురించి, దొంతర గురించి, తిరగేసి చూసే ఆచారం గురించి చెప్పాను. నా శాస్త్రం ఎంత కఠినమైనదో వీళ్లకు తెలియాలని తిరగేయడం గురించి కాస్త ఎక్కువే చెప్పాను. పిల్లల కళ్లు మూతలు పడుతున్నాయి. ప్రశ్నలు అడగమంటే ఒకమ్మాయి లేచి, ఎంట్రెన్స్‌లో మీ ర్యాంకెంత మేడమ్ అంది. ర్యాంకు చెప్పాక చప్పట్లు కొట్టారు. అంతకు ముందు కొట్టలేదు.

తర్వాత సారు తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. మనిషి సన్నబడ్డారు, చొక్కా జేబు నిండా ఇంకా సుద్దముక్కలే. ఎల్బీనగర్‌లోనే ఉంటున్నావా, అక్క ఎలా ఉంది అని అడిగి, కాసేపు టీ చల్లార్చుకుంటూ కూర్చున్నారు.

“అమ్మాయ్, ఆ మచ్చ ఎన్ని రకాలుగా వెతికితే దొరికింది?” అన్నారు.

కష్టపడ్డానని చెప్పుకునే అవకాశం వచ్చింది కదా, గొప్పగానే చెప్పాను. ముప్పై నలభై రకాలుగా చూశాను సార్, మూడు వారాలు పట్టింది అన్నాను.

“మరి తిరగేసింది ఎన్ని రకాలుగా? దొరికినదాన్ని ఒక్కదాన్నేనా? మిగతావన్నీ కూడా తిరగేశావా?”

ఇది ఎంట్రెన్స్ పరీక్ష కాదు సార్ అన్నాను. ఆ మాట అన్న గొంతు నాకింకా గుర్తుంది. కాఫీ కప్పుతో కథ చెప్పే గొంతే అది. సారు నొచ్చుకోలేదు. కాదులే అమ్మా అని ఊరుకున్నారు. మళ్లీ గుమ్మం దాకా వచ్చి, చెప్పులేసుకుంటుంటే అన్నారు.

“నువ్వు చదివేటప్పుడు కూడా మిగతా మూడూ రాసేదానివి కాదు.”

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కి మెట్రోలో మూడు స్టేషన్లు. శాలువా ఉన్న కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా కథలోంచి నేను ఒక ముక్క కత్తిరించేశానని అప్పుడు గుర్తొచ్చింది. ఆప్షన్ నుంచి వెనక్కి రమ్మన్న మాట నిజమే. కానీ ఆయన క్లాసులో ఇంకో ఆచారం కూడా ఉండేది. టిక్కు పెట్టాక, మార్జిన్‌లో, మిగతా మూడూ ఎందుకు కావో ఒక్కో లైను రాయాలి. రాయకపోతే జవాబు సరైనదైనా కొట్టేసేవారు. అది నాకు పరమ చాదస్తంగా ఉండేది. మూడింటి ఎదురుగా ‘టిక్కు పెట్టింది అవును కాబట్టి’ అని రాసిచ్చేదాన్ని. ఆయన దాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసేవారు. పరీక్షలో ఎటూ మార్జిన్ చూడరు కాబట్టి నాకు ర్యాంకొచ్చింది. ఎవరూ చూడని పనిని చేయకుండా దాటేయడం నేను ఆ మెట్ల మీదే నేర్చుకున్నానన్నమాట, అదీ సారు నేర్పింది కాదు, సొంతంగా.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాను. ముందు గదిలో అక్క మిషను టకటకలాడుతోంది. తెల్ల మచ్చ కోసం నేను చేసిన ప్రతి ప్రయత్నాన్నీ, అదే వరుసలో, తిరగేసిన దొంతర మీద మళ్లీ చేశాను. ఐదు కలిపాను, ఏడు కలిపాను, పది కలిపాను. మొదలుపెట్టే చోటు మార్చాను. డిష్‌ల విలువలు మార్చాను. సాయంత్రం టీ వేళకు నా ముందు అరడజను మచ్చలున్నాయి. అన్నీ మా మచ్చ అంత బలమైనవి. ఒకటైతే మా దానికంటే బలమైనది, పైగా గెలాక్సీకి మా దానికంటే దగ్గర. దాని మీద ఇంకా మంచి వ్యాసం రాయొచ్చు. ఒక్కటే ఇబ్బంది, అది ఉండటానికి వీల్లేదు. అది వెలుగు కాదు, వెలుగు లేమి.

అంటే మా గ్యాస్ లేదు. గ్యాస్‌ను పక్కకు నెట్టిన నక్షత్రాల ధాటి లేదు. నా పేరా సిద్ధాంతం, ధూళి ఎందుకు లేదో చెప్పిన తెలివి, ఏవీ లేవు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మేం సోమలింగానికి ఫ్లెక్సీ కూడా కట్టించాం.

అక్కకు చెప్పాను. హుక్కులు కుడుతూ వింది.

“ఉన్నదన్నవ్. ఇప్పుడు లేదంటున్నవ్. లేదని నీకొక్కదానికే తెలుసా?”

అవునన్నాను.

“మరి ఇంటర్వ్యూ అయినంక చెప్పరాదే?”

ప్రొఫెసర్‌కి ఉత్తరం రాశాను. ఆయన అక్క మాటే మూడు పేరాల్లో రాశాడు. తొందరపాటు మంచిది కాదని, సమగ్రంగా పరిశీలించాలని, పత్రిక నుంచి అభిప్రాయం వచ్చేదాకా ఆగడం శాస్త్ర మర్యాద అని, ఈ లోపు నా ఇంటర్వ్యూ కూడా గుర్తు పెట్టుకోవాలని. చదివి ఆయన మీద అసహ్యం కలిగింది. అక్కది ప్రేమ, ఈయనది పిరికితనం అనుకున్నాను. అనుకుని నేను చేసిందేమిటంటే, ఏమీ చేయలేదు. నాలుగు రోజులు. పొద్దున లేవగానే ఈ రోజు రాసేస్తాను అనుకోవడం, ఇంటర్వ్యూలో చూపించాల్సిన స్లయిడ్లు దిద్దుకోవడం. ఆ నాలుగు రోజుల నన్ను తలుచుకుంటే ప్రొఫెసర్ నయమనిపిస్తాడు. ఆయన కనీసం మూడు పేరాలు రాశాడు.

ఐదో రోజు స్లయిడ్లు దిద్దుతున్నాను. మచ్చ చుట్టూ ఉన్న ఎర్ర సున్నా మరీ లావుగా ఉందనిపించి, సన్నది గీద్దామని తీసేశాను. తీసేశాక ఆ బొమ్మలో మచ్చ ఎక్కడుందో నాకే వెంటనే కనపడలేదు. అక్కను పిలిచాను. ఇందులో ఏమన్నా కనపడుతోందా, వేలు పెట్టి చూపించు అన్నాను. అక్క కళ్లద్దాలు సర్దుకుని, ముందు ఎడమ మూల ఒకచోట వేలు పెట్టింది. తర్వాత కింద ఒకచోట. గిదా, గిది గాదా అంటూ మూడోది పైన పెట్టింది. సూదిలో దారం ఎక్కించే కళ్లు అవి, చీకట్లో కూడా రంగు దారం తేడా పట్టేస్తాయి. మూడింట్లో ఏదీ మా మచ్చ కాదు.

మొత్తం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నా గెలాక్సీని అందరికీ చూపించింది టెలిస్కోప్ కాదు, ఆ ఎర్ర సున్నా. అక్క వంటింట్లోకి వెళ్లాక వ్యాసాన్ని ఉపసంహరిస్తున్నామని పత్రికకు రాశాను. నెట్‌లో ఉన్న కాపీ మీద కూడా కారణంతో సహా రాసిపెట్టాను. ప్రొఫెసర్‌కి కూడా పంపాను. ఆయన ఇష్టప్రకారమే జరుగుతోందన్నట్టు ఒక్క లైను జవాబిచ్చాడు.

ఇంటర్వ్యూలో ఐదుగురు కూర్చున్నారు. అడగకముందే నేనే చెప్పేశాను, మచ్చ లేదని, అది ఎలా తెలిసిందో కూడా. పెద్దాయన ఒకరు నిజాయితీ చాలా అరుదైన గుణమన్నారు, అని వాచీ చూసుకున్నారు. ఇంకొకరు, అయితే మీ దగ్గర ఇప్పుడు ఏముంది అన్నారు. ధూళి ఇంతకు మించి ఉండదు అని చెప్పే ఒక హద్దు ఉందన్నాను. ఏమీ దొరకలేదని గట్టిగా చెప్పగలగడం కూడా ఫలితమేనన్నాను. అందరూ తలాడించారు. పరామర్శకు వచ్చినవాళ్లు ఆడించినట్టే ఆడించారు. పోస్టు నాకు రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు అంటే అబద్ధం. నిజం చెప్పినందుకు ఇస్తారేమోనని లోపల ఎక్కడో చచ్చేంత ఆశ ఉండింది. సినిమాలు చూసి చెడిపోయిన మనుషులం.

కొన్ని నెలలకు వేరే బృందం ఒకటి అదే గెలాక్సీని మాకంటే చాలా ఎక్కువసేపు చూసింది. మేం మచ్చ చూపించినచోట ఏమీ లేదు. అసలు వెలుగు వేరే ఫ్రీక్వెన్సీలో దొరికింది, శుభ్రంగా, ఎర్ర సున్నా అక్కర్లేకుండా. మేమనుకున్నంత దూరం కూడా కాదది. మా వ్యాసం బతికి ఉంటే దాన్ని తప్పని రాసేవాళ్లు, కనీసం తిట్టడానికైనా నా పేరు ఎత్తేవాళ్లు. లేదు కాబట్టి ఆ ప్రస్తావనే లేదు.

సారుకు ఫోన్ చేసి చెప్పాను. మచ్చ లేదు సార్, మిగతావన్నీ తిరగేసి చూశాను అన్నాను. మంచి పని చేశావమ్మా, ఫ్లెక్సీ రేపే తీయించేస్తాను అన్నారు. అన్నట్టే తీయించారు. ఆయన మీద నాకు గౌరవం పెరుగుతుండగానే, కొత్త బ్యాచ్ కరపత్రం పొద్దున పేపర్ మడతలో మా ఇంటికి వచ్చింది. అందులో నేను రాకెట్‌తో సహా ఉన్నాను. ఎవరినైనా పూర్తిగా గౌరవించే అదృష్టం నాకు రాసిపెట్టి లేదు.

వానాకాలంలో ఒక సాయంత్రం అక్కా నేనూ జాకెట్ గుడ్డల కోసం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి స్కూటీ మీద తిరిగొస్తున్నాం. నా ఆఖరి కాగితం గడువు ఆ నెలతో ముగిసింది. సరూర్‌నగర్ చెరువు కట్ట దగ్గర వాన ఒక్కసారిగా దంచింది. అక్కడ బొగ్గుల మీద మక్కజొన్న బుట్టలు కాల్చే బండి ఒకటి ఉంటే దాని కిందికి దూరాం. నాలుగు కర్రలు, పైన కప్పుగా ఫ్లెక్సీ. అక్క తల తుడుచుకుంటూ పైకి చూసి ఆగిపోయింది.

నేనూ చూశాను. బొమ్మ ఉన్న వైపు కిందికి వచ్చేలా కట్టాడు. రాకెట్ నేలకు దిగుతోంది. పసుపు అక్షరాలు తలకిందులు. నా మొహం తలకిందులుగా, జుట్టు కిందికి, గడ్డం పైకి, బొగ్గుల పొగ పట్టి, నవ్వుతోంది. మూలన నల్ల చదరం, అందులో ఎర్ర సున్నా.

అక్కకు కోపమొచ్చింది. మా అక్కకు కోపం రావడం అరుదు, వస్తే ఆగదు. గిది మా చెల్లె ఫోటో, మనిషిని గిట్ల ఉల్టా కడతరా అని బండాయన మీదికి లేచింది. ఆయన నన్నోసారి, పైకోసారి చూశాడు. పోల్చుకోలేకపోయాడు. తలకిందులుగా ఉన్న మొహాన్ని ఎవరు పోల్చగలరు. ఎట్ల కట్టినా వాన ఆగుతే సాలు గదమ్మా అన్నాడు మర్యాదగానే. మళ్లీ అక్క మొహం చూసి, వాన ఎలిసినంక తిప్పి కడతలే అని విసనకర్ర అందుకున్నాడు.

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. పోస్టు రానినాడు రాలేదు, కాగితం గడువు తీరిననాడు రాలేదు. అక్క అడ్డంగా నిలబడి ఒక పరాయి మనిషితో, మీకేం ఎరుక, గంత దూరం చూసిన పిల్ల అది అంటుంటే వచ్చింది. అక్కకు నేను కనుక్కున్నానో లేదో అక్కర్లేదు. చూశాను, ఆమెకు అది చాలు.

“వద్దన్నా, తిప్పకు” అన్నాను. “అట్లనే ఉండనీ. ఉల్టా చేసి చూస్తెనే ఉన్నదో లేదో తెలుస్తది.”

ఆయనకు అర్థం కాలేదు. బుట్ట మీద నిమ్మచెక్కా ఉప్పూ కారం రుద్ది ఇచ్చాడు. అక్క తనది సగం విరిచి, మాడని సగం నా చేతిలో పెట్టింది.